మాటకొక ధర, సంతకానికొక ధర

2024 జూన్ 3వ తేదీకీ 4వ తేదీకీ మధ్య బెంగళూరు పాత విమానాశ్రయం రోడ్డు పక్కనున్న విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ కర్మాగారాల్లో ఏమీ మారలేదు. షిఫ్టులు అవే, సగం కట్టి నిలబెట్టిన తేజస్‌లు అవే, వాయుసేనకు 83 విమానాలు ఇవ్వాలన్న ఒప్పందం అదే. మారింది టీవీలో లోక్‌సభ ఎన్నికల సీట్ల లెక్క. జూన్ 1 సాయంత్రం వచ్చిన ఎగ్జిట్ పోల్స్ ఊపులో 3వ తేదీ సోమవారం సెన్సెక్స్ 2,500 పాయింట్లు ఎగిరింది. మర్నాడు అసలు ఓట్లు లెక్కపెడుతుంటే దాదాపు 4,390 పాయింట్లు కూలింది. హెచ్‌ఏఎల్ షేరు ఆ ఒక్కరోజే 15 శాతానికి పైగా పడిపోయింది. నెల తిరిగి జూలై వచ్చేసరికి అదే షేరు 5,600 రూపాయలు దాటి, అంతకుముందెన్నడూ చూడని ధర చూసింది. 2025 మార్చి మొదట్లో 3,100 కిందకి దిగింది. మే నెలలో ఆపరేషన్ సిందూర్ తర్వాత రక్షణ రంగం పేరు ఇంటింటా మోగడంతో మళ్ళీ 5,000 దగ్గరికి వచ్చింది.

ఆ కర్మాగారాల గోడ వెంబడి ఆఫీసుకు వెళ్ళే వేలమందిలో నేనొకణ్ణి. మా ఆఫీసులో సగంమంది తెలుగువాళ్ళు. అనంతపురం, కడప, నెల్లూరు, ఖమ్మం నుంచి వచ్చి మారతహళ్ళి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్‌లలో స్థిరపడినవాళ్ళు. మధ్యాహ్నం భోజనాల దగ్గర సినిమా కబుర్లకంటే ఇప్పుడు షేర్ల కబుర్లే ఎక్కువ. ఎవరు ఏది కొన్నారన్న దానికంటే, ఎవరు చెప్తే కొన్నారన్నది నేను ఎక్కువ శ్రద్ధగా వింటాను. "టీవీలో చెప్పారు." "మా బావమరిది గ్రూపులో వచ్చింది." "బడ్జెట్‌లో డబ్బులు పెంచారట." ఆ కంపెనీ నివేదిక చదివి కొన్నానని అన్నవాళ్ళు చాలా అరుదు. ఈ బయటి గొంతులన్నిటినీ ఒకే గంపలో వేసి, అంతా గోల, చెవులు మూసుకో అని చెప్పే సలహాదారులున్నారు. నాకది సరైన సలహాగా తోచదు. ఆ గొంతుల్లో కొన్ని కంపెనీ భవిష్యత్తును నిజంగా మారుస్తాయి. వాటిని విడదీసి వినాలంటే హెచ్‌ఏఎల్ కంటే మంచి పాఠం ఈ ఊళ్ళో మరొకటి లేదు.

1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానం అండతో ఈ ఊళ్ళో పెట్టిన కంపెనీ ఇది. ఇవాళ దీని వాటాల్లో 71 శాతానికి పైగా కేంద్రానివి. దీని ప్రధాన కొనుగోలుదారు కేంద్రం. విదేశాలకు అమ్మాలంటే అనుమతి ఇచ్చేది కేంద్రం. దీని గురించి ఎన్నికల సభల్లో మాట్లాడేదీ కేంద్రంలో ఉన్నవాళ్ళూ, కేంద్రానికి రావాలనుకునేవాళ్ళే. మామూలు కంపెనీకి బయట ఉండే ప్రభావాలన్నీ దీనికి ఇంట్లోనే ఉన్నాయి.

2018 మార్చిలో ప్రభుత్వం తన వాటాలో పదోవంతు అమ్మకానికి పెట్టింది. షేరు 1,215 నుంచి 1,240 రూపాయలు. మదుపరులు ముఖం చాటేశారు. ఇష్యూ పూర్తిగా నిండలేదు. ఆ నిండినదాంట్లో పెద్దభాగం ఎల్ఐసీ మోసింది. అంటే ప్రభుత్వం అమ్మిందాన్ని ప్రభుత్వ సంస్థే కొంది. షేరు ఇష్యూ ధర కంటే తక్కువకే లిస్టయింది. ఆ ఏడాదే, రఫేల్ విమానాల ఒప్పందంలో ఈ కంపెనీని పక్కన పెట్టారన్న వివాదం రాజుకుంది. అక్టోబరు 13న రాహుల్ గాంధీ బెంగళూరు వచ్చి మిన్స్క్ స్క్వేర్ దగ్గర హెచ్‌ఏఎల్ ఉద్యోగులతో సమావేశం పెట్టారు. జీతాల కోసం కంపెనీ అప్పు చేయాల్సి వచ్చిందన్న వార్త 2019 జనవరిలో వచ్చింది. పార్లమెంటులో ఒకరు హెచ్‌ఏఎల్‌ను ముంచారన్నారు, ఇంకొకరు మేమే నిలబెడుతున్నామన్నారు. 2020 మార్చిలో కోవిడ్ భయం కూడా తోడై షేరు ఇష్యూ ధరలో సగానికంటే కిందకి పోయింది.

ఆ తర్వాత రెండు సంతకాలు పడ్డాయి. 2020 ఆగస్టు 9న రక్షణ శాఖ 101 రకాల సామగ్రిని ఇక విదేశాల నుంచి కొనబోమని జాబితా ప్రకటించింది. 2021 ఫిబ్రవరి 3న యలహంకలో ఏరో ఇండియా ప్రదర్శన మొదలైన రోజే, 83 తేజస్ మార్క్-1ఏ విమానాలకు దాదాపు 48,000 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. ఈ రెండూ మన పత్రికల్లోనూ వచ్చాయి. వాటిని చదివి షేరు కొనాలన్న ఆలోచన కలిగినవాళ్ళు మా భోజనాల బల్ల దగ్గర ఉన్నట్టు నాకు గుర్తులేదు. ఆరోజు అందరి ఫోన్లలో ఉన్నది ఆకాశంలో తేజస్ పల్టీలు కొడుతున్న వీడియో.

జనం కదిలింది మాటకు. 2023 ఆగస్టు 10న అవిశ్వాస తీర్మానం మీద చర్చకు జవాబిస్తూ ప్రధాని నరేంద్ర మోదీ లోక్‌సభలో హెచ్‌ఏఎల్ పేరు, ఎల్ఐసీ పేరు ఎత్తారు. ప్రతిపక్షాలు ఏ ప్రభుత్వ కంపెనీలను తిడితే వాటి మీదే పందెం వేయమని షేర్ మార్కెట్‌లో ఉన్నవాళ్ళకు సలహా ఇచ్చారు. ఆ క్లిప్ ఎన్ని గ్రూపుల్లో తిరిగిందో! షేరు నిజంగానే పెరిగింది కూడా. అందుకే ఈ విషయం కష్టం. మాట విని కొన్నవాడికీ, రెండున్నరేళ్ళ ముందు సంతకం చదివి కొన్నవాడికీ ఇద్దరికీ లాభమే కనిపించింది. తేడా తెలిసింది 2024 జూన్ 4న. ఒప్పందం చదివి కొన్నవాడికి ఆరోజు అడగడానికి ఒక ప్రశ్న ఉంది: 83 విమానాల్లో ఒక్కటైనా తగ్గిందా? తగ్గలేదు. మాట విని కొన్నవాడికి అడగడానికి ఏమీ లేదు. మాట ఇచ్చినవారి బలం తగ్గినట్టు టీవీ చెబుతుంటే, అతని కాళ్ళ కింద నేల కదిలింది. ఆ మధ్యాహ్నం మా ఆఫీసు మెట్ల మీద నిలబడి అమ్మేసినవాళ్ళను చూశాను. వాళ్ళలో చదువులేనివాళ్ళు ఎవరూ లేరు.

ఆ ఎన్నికల ముందు కేంద్ర మంత్రులు ఇంటర్వ్యూల్లో మార్కెట్ గురించి మాట్లాడటం, జూన్ 4 లోపు కొనుక్కోమని హోంమంత్రి అమిత్ షా చెప్పడం, తర్వాత దాని మీద పార్లమెంటరీ సంఘం వేయాలని రాహుల్ గాంధీ కోరడం, అధికార పక్షం ఆ ఆరోపణను కొట్టిపారేయడం అందరికీ తెలిసినవే. ఎవరి ఉద్దేశం ఏమిటన్నది నేను తేల్చగలిగింది కాదు. కానీ పదవిలో ఉన్నవారు, ఏ పార్టీవారైనా సరే, ఎప్పుడు షేర్లు కొనాలో ప్రజలకు చెప్పకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ధరను మార్చగల అధికారం చేతిలో ఉన్నవారి నోట సలహా ఎప్పటికీ సలహాగా మిగలదు.

ఇంత చెప్పాక, సంతకమైతే చాలు, కళ్ళు మూసుకుని నమ్మొచ్చు అనుకుంటే అదీ పొరపాటే. 2021 అక్టోబరు 28న ఐఆర్‌సీటీసీ ఒక సమాచారం బయటపెట్టింది: ఆన్‌లైన్ టికెట్ల మీద వసూలయ్యే కన్వీనియెన్స్ ఫీజులో సగం రైల్వే శాఖకు ఇవ్వాలట. మర్నాడు మార్కెట్ తెరవగానే షేరు నాలుగోవంతుకు పైగా కూలింది. ఆరోజే ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఒక రాత్రి పడిన సంతకం తెల్లారి చెరిగిపోయింది. మధ్యలో భయపడి అమ్ముకున్నవాళ్ళ నష్టాన్ని వెనక్కి తీసుకునే ఉత్తర్వు మాత్రం ఉండదు. ప్రభుత్వమే యజమాని అయిన కంపెనీలో చిన్న వాటాదారుడి స్థానం ఎక్కడో అంత స్పష్టంగా చూపించిన రోజు మరొకటి లేదు.

హెచ్‌ఏఎల్ విషయంలోనూ అసలు సమాచారం సంతకానికి అవతల ఉంది. 2021 ఆగస్టులో అమెరికా కంపెనీ జీఈకి 99 ఇంజిన్ల ఆర్డరు ఇచ్చారు. మొదటి ఇంజిన్ చేతికందింది 2025 మార్చి చివర్లో. 2024 మార్చికే మొదలు కావాల్సిన విమానాల అప్పగింత ఆగిపోయింది. 2025 ఫిబ్రవరిలో ఏరో ఇండియాకు వచ్చిన వాయుసేనాధిపతి ఏ.పి.సింగ్ హెచ్‌ఏఎల్ అధికారులతో తన అసంతృప్తిని మొహమాటం లేకుండా చెప్పిన వీడియో దేశమంతా చూసింది. అయితే ఆ జాప్యం ఆరోజు కొత్తగా పుట్టింది కాదు. అంతకు ఏడాదిగా లోపలి పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంది. పెద్దమనిషి కోపం వీడియోలో కనిపించేదాకా అది మనకు వార్త కాలేదు.

పత్రికలూ చానెళ్ళూ మనమీద చేసే పని ఇదే. 1998 మే 3, ఆదివారం, న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో క్యాన్సర్ మందు గురించి ఒక కథనం వచ్చింది. అందులో పేరున్న ఎంట్రీమెడ్ అనే కంపెనీ షేరు శుక్రవారం 12 డాలర్లు. సోమవారం 85 దగ్గర తెరుచుకుని, 52 దగ్గర ముగిసింది. ఆ పరిశోధన వివరాలు ఐదు నెలల ముందే నేచర్ పత్రికలో వచ్చాయి. అదే న్యూయార్క్ టైమ్స్ అప్పుడే లోపలి పేజీలో రాసింది కూడా. హ్యూబర్‌మన్, రెగెవ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2001లో దీన్ని వివరంగా రాశారు. కొత్త విషయం ఒక్కటీ లేకుండానే షేరు ధర నాలుగింతలైంది, మొదటి పేజీకి వచ్చినందుకు. అది అమెరికా, పాతికేళ్ళకు పైబడిన మాట అనుకునేవాళ్ళు 2021 ఏప్రిల్‌ను గుర్తు చేసుకోవాలి. ఆక్సిజన్ దొరక్క మనుషులు ఆస్పత్రుల వరండాల్లో ప్రాణాలు వదులుతున్న రోజులు. బాంబే ఆక్సిజన్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే షేరు రోజు తర్వాత రోజు అప్పర్ సర్క్యూట్ (ఆ రోజుకు అనుమతించే గరిష్ఠ ధర) కొట్టింది. ఆ కంపెనీ గ్యాస్ తయారీ 2019లోనే మానేసి, పెట్టుబడుల వ్యాపారంలోకి మారిపోయింది. పేరులో మాత్రం ఆక్సిజన్ మిగిలింది. ఆ వార్త చదివినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. కొన్నవాళ్ళు అమాయకులని కాదు. ఊరంతా ఊపిరి కోసం ఏడుస్తుంటే ఆక్సిజన్ అన్న మాట వినగానే మనకు ముందు తోచింది ఏమిటన్నది ఆ బాధ.

2025 నవంబరు 21న దుబాయ్ ప్రదర్శనలో తేజస్ కూలి మన పైలట్ మరణించినప్పుడు కూడా అంతే. ఆ శని, ఆదివారాలు గ్రూపుల్లో సంతాపం కంటే ముందు వచ్చిన ప్రశ్న, సోమవారం షేరు ఎంత పడుతుందని. సోమవారం పొద్దున బాగా పడింది. సాయంత్రానికి కొంత కోలుకుంది. ధర కోలుకుంటుంది.

చానెళ్ళ విషయంలో ఇంకో సంగతి ఉంది. 2021 జనవరిలో ఒక హిందీ బిజినెస్ చానెల్ యాంకరు మీద మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఉత్తర్వు వచ్చింది. తాను కార్యక్రమంలో సిఫారసు చేయబోయే షేర్లను ముందురోజే కుటుంబసభ్యుల ఖాతాల్లో కొనిపించి, చెప్పిన తర్వాత అమ్మించారన్నది అందులోని విషయం. 2024 ఫిబ్రవరిలో మరో చానెల్‌లో కనిపించే నిపుణుల మీద అటువంటి ఉత్తర్వే వచ్చింది. ఇప్పుడు పెద్ద కంపెనీల గురించి ప్రధాన మీడియాలో పుకారు వచ్చి ధర కదిలితే, అవునో కాదో ఆ కంపెనీలే 24 గంటల్లో చెప్పాలన్న నిబంధన ఉంది. మార్కెట్ పాఠాలు చెప్పేవాళ్ళు గడిచిన మూడు నెలల ధరలు వాడకూడదని 2025 జనవరిలో సెబీ చెప్పింది. నేను వీటిని మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. తెలుగులో యూట్యూబ్ తెరిస్తే "రేపే పెరగబోయే" షేర్ల వీడియోలు ఎన్ని ఉంటాయో చూసినవారికి ఎందుకో తెలుస్తుంది. మన ఊరి యాసలో, అన్నా అని పిలుస్తూ చెప్పే గొంతు ఇంగ్లీషు చానెల్ కంటే పది రెట్లు లోపలికి దిగుతుంది.

ఆ గొంతుకూ మన డబ్బుకూ మధ్య ఉన్న దూరాన్ని చెరిపేసింది ఈ ఊరే. బెంగళూరుకు 1963లో గుర్తింపు పొందిన సొంత స్టాక్ ఎక్స్ఛేంజి ఉండేది. 2014 డిసెంబరులో అది మూతపడింది. హైదరాబాద్ ఎక్స్ఛేంజి అంతకు ముందే, 2007లో పోయింది. ఆ కాలంలో షేరు కొనాలంటే బ్రోకరు దగ్గరికి పోవాలి, కాగితాలు నింపాలి, ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపులో చాలా ఆవేశాలు చల్లారిపోయేవి. 2010లో జె.పి.నగర్ వైపు మొదలైన జెరోధా, ఆ తర్వాత వచ్చిన గ్రో, దాన్ని సెకన్లలోకి తెచ్చాయి. ఖర్చు తగ్గించాయి, అందరికీ తలుపు తీశాయి. నిజమే, అది గొప్ప మేలు. 2020 మార్చిలో నాలుగు కోట్లున్న డీమ్యాట్ ఖాతాలు 2025లో 20 కోట్లు దాటాయి. కానీ వార్త వచ్చిన ఫోనూ, కొనే బటనూ ఒక్కటే అయిపోయాక, విన్నదానికీ చేసినదానికీ మధ్య మనిషికి ఆలోచించుకునే జాగా లేకుండా పోయింది. సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన లెక్క ప్రకారం, మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్)లో ఆడిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. పోయిన మొత్తం 1.8 లక్షల కోట్లు. అందులో మన పిల్లల జీతాలు ఎన్నో ఉన్నాయి.

అయితే అన్ని వార్తలకూ చెవులు మూసుకోలేం. రెండు ఉత్తరాల కథ చెప్పాలి. 2019 అక్టోబరులో ఇన్ఫోసిస్ యాజమాన్యం మీద అజ్ఞాత ఉద్యోగుల ఫిర్యాదు బయటికొచ్చింది. 22వ తేదీన షేరు 16 శాతం పడింది. 2020 జనవరిలో కంపెనీ ఆడిట్ కమిటీ, ఆరోపణలకు ఆధారాలు దొరకలేదని తేల్చింది. రెండోది సత్యం కంప్యూటర్స్‌ది. 2008 డిసెంబరులో ఒక డైరెక్టరుకు అజ్ఞాత ఈమెయిల్ వచ్చింది, లెక్కల్లో మోసం ఉందని. అది ఆరోజు ఏ పత్రికలోనూ రాలేదు. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా ఒప్పుకుంటూ ఉత్తరం రాశాక, షేరు ఒక్కరోజులో 78 శాతం పోయింది. నిజమైన ఫిర్యాదు ఎవరికీ వినిపించలేదు. రుజువు కాని ఫిర్యాదు ప్రపంచమంతా విన్నది. గట్టిగా వినిపించడానికీ నిజం కావడానికీ సంబంధం ఏమిటో నాకు ఈ రెండు ఉత్తరాలు చెప్పినట్టు ఇంకేదీ చెప్పలేదు.

సత్యం దగ్గర మనవాళ్ళను నడిపించింది మీడియా ఒక్కటే కాదు. మోసం బయటపడడానికి నాలుగు నెలల ముందే, సుపరిపాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది ఆ కంపెనీకి. దానికి తోడు అభిమానం. మన తెలుగువాడి కంపెనీ, మన ఊరి పిల్లలు పనిచేసే కంపెనీ. రిటైరైన మాస్టార్లు, రైతులు ఆ అభిమానంతోనే షేర్లు పట్టుకుని కూర్చున్నారు. 2024 జూన్‌లో చంద్రబాబు నాయుడు మళ్ళీ గెలవగానే ఆయన కుటుంబానికి చెందిన హెరిటేజ్ ఫుడ్స్ షేరు ఐదారు రోజుల్లో సగానికి పైగా పెరిగింది. ఆ వారంలో ఆవులు ఎక్కువ పాలివ్వలేదు. అక్కడా అభిమానమే ధర పలికింది. సత్యం విషయంలో ప్రభుత్వం చేసిన మంచిని కూడా ఇక్కడే చెప్పాలి. రోజుల్లోనే పాత బోర్డును తీసేసి, దీపక్ పరేఖ్, కిరణ్ కర్నిక్ వంటివారిని నియమించి, ఏప్రిల్‌కల్లా టెక్ మహీంద్రా చేతికి అప్పగించింది. వేలాది ఉద్యోగాలు నిలిచాయి. ఆ సంతకం గురించి మన దగ్గర ఎవరూ వీడియోలు చేయలేదు.

2025 వేసవిలో, రక్షణ షేర్లు అందరి నోటా నానుతున్నప్పుడు, మారతహళ్ళి పీజీలో ఉండే మా అన్న కొడుకు ఫోన్ చేశాడు.

"బాబాయ్, హెచ్‌ఏఎల్ కొనచ్చా?"

"ఎందుకు కొనాలనుకుంటున్నావురా?"

"అందరూ డిఫెన్స్ అంటున్నారు కదా."

వద్దని చెప్పలేదు, కొనమనీ చెప్పలేదు. ఇంజిన్లు ఎన్ని వచ్చాయో, విమానాలు ఎన్ని అప్పగించారో కనుక్కుని చెప్పమన్నాను. కంపెనీ వార్షిక నివేదిక ఎక్కడ దొరుకుతుందో చూపించాను. కొన్ని నెలలు వాడి నుంచి కబురు లేదు. సెప్టెంబరు 25న మరో 97 తేజస్‌లకు 62,370 కోట్ల ఒప్పందం మీద సంతకాలు జరిగిన సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి షేరు ధర అడగలేదు. ఆ విమానాలు 2027-28లో మొదలై ఆరేళ్ళలో ఇవ్వాలట, పాత 83లో ఇంకా ఒక్కటీ వాయుసేన చేతికి వెళ్ళలేదట, అన్నాడు. తర్వాత అడిగాడు:

"బాబాయ్, ఇంజిన్లు అమెరికా నుంచి రావాలి. డబ్బులు ఢిల్లీ నుంచి రావాలి. మరి నేను ఎటువైపు చూడాలి?"

"రెండువైపులా చూడు. ముందు ఇంజిన్ల వైపు చూడు" అన్నాను.